బస్తరు పాట – వేదిక మీది అనువాదం

పాటల సంకలనాలు తిరగవేసే అలవాటున్న పాఠకుడికి ఒక చిహ్నం సుపరిచితం. పల్లవిని మొదట ఒకసారి పూర్తిగా అచ్చువేసి, ఆ తరువాత ప్రతి చరణం చివరా జంట నిలువు గీతల నడుమ దాని మొదటి మాటను మాత్రం నిలుపుతారు. చదువరి కన్ను ఆ గీతల మీదుగా జారిపోయి తరువాతి చరణాన్ని అందుకొంటుంది. కాగితం పొదుపు కోసం ఏర్పడిన ఈ పద్ధతి క్రమంగా ఒక సాహిత్యాభిప్రాయంగా మారిపోయినది. పాటలో అర్థమంతా చరణానిదే. పల్లవి గాయకుడు ఊపిరి తీసుకొనే చోటు మాత్రమే అన్నది ఆ అభిప్రాయం. బస్తరు అడవులలో పుట్టిన పాటలను గురించీ, వాటిని వేదికల మీదికి తెస్తున్న గాయక బృందాలను గురించీ విచారించబూనినప్పుడు మొదట పరీక్షకు పెట్టవలసినది ఈ అభిప్రాయాన్నే. ఏమంటే ఆ నేల పాటలో పల్లవి ఊరంతా కలిసే చోటు. దానిని తొలగిస్తే మిగిలేది ఒక మనిషి మాట. పోయేది ఊరి మాట.

బస్తరు తెలుగువారికి పరాయి దేశమేమీ కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఆ అడవులకు వెళ్ళి రాజ్యం స్థాపించినాడని బస్తరు రాజవంశ సంప్రదాయం చెప్పుకొంటుంది. శంఖినీ డంకినీ నదుల సంగమం వద్ద వెలసిన దంతేశ్వరి ఆ వంశపు కులదేవత. 75 రోజులు సాగే బస్తరు దసరా ఆమె ఉత్సవమే. ఇంద్రావతి, శబరి రెండూ బస్తరును తడిపి గోదావరిలోనే కలుస్తవి. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో నేడు ఏడు జిల్లాలుగా ఉన్న ఈ ప్రాంతపు దక్షిణపు అంచున, కోంట, భోపాలపట్నం ప్రాంతాలలో, తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. అక్కడి దొర్లలు మాట్లాడే కోయలో తెలుగు పాలు ఎంతో చెప్పడం వారికీ కష్టమే.

చుట్టరికం ఇరుగుపొరుగుతో వచ్చినది మాత్రమే కాదు. ద్రావిడ భాషల వంశవృక్షాన్ని పరిష్కరించిన భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును గోండి, కువి, కొండ మొదలైన భాషలతో ఒక కొమ్మ మీద నిలిపినారు. తమిళ కన్నడాలు వేరొక కొమ్మ. బస్తరులో ధుర్వాలు మాట్లాడే పర్జీ కూడ ద్రావిడ భాషే. బరో, భట్టాచార్యలు దానిని గురించి 1953లోనే ఒక గ్రంథం వెలువరించినారు. బాస్తానార్, కోడెనార్ వంటి ఊళ్ళ పేర్ల చివర నిలిచిన ‘నార్’ అన్న గోండి మాటకు ఊరని అర్థం. తెలుగు ‘నాడు’ దానికి తోబుట్టువు. గోండిలోనూ పాటను పాట అనే అంటారు. ఇంతటి చుట్టరికం ఉండి కూడ రాకపోకలు లేని ఇళ్ళవలె ఉన్నవి ఈ రెండు సాహిత్యాలు. డబ్లిన్ నగరపు గాయకబృందాల రికార్డులు సంపాదించి వినే తెలుగు రసికులు ఉన్నారు. శబరి ఆవలి ఒడ్డున ఏమి పాడుతున్నారో విన్నవారు తక్కువ. దూరపు పాటను వినడం తప్పు కాదు. ఆ దూరపు వారు తమ పాటను ఎట్లా కాపాడుకొన్నారో తెలిసిన చెవికి దగ్గరి పాట వినిపించకపోవడమే వింత.

మొదట ఆ పాట స్వరూపాన్ని చూడవలెను. మురియా, మాడియా గోండుల నృత్యగీతాలకు ‘రేలా’ ప్రాణం. యువతీయువకులు చేతులు కలిపి వరుసలు కట్టి ఆడుతూ ఉండగా ఒక జట్టు ఒక పాదం ఎత్తుకొంటుంది, మరొక జట్టు దానిని అందుకొంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకొనే నడుమ రేలా తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది. నిఘంటువులో వెదికితే దానికి అర్థం చిక్కదు. తెలుగువాడికి అది వేసవిలో పచ్చని పూలగుత్తులు వేలాడదీసే రేలచెట్టును తలపించవచ్చును; కాని ఆటలో దాని పని వేరు. తరువాతి పాదం ఎవరు ఎత్తుకోవలెనో, అది పాతదా, అప్పటికప్పుడు కట్టినదా అన్నది తేలే వ్యవధి అదే. కొత్త మాట పుట్టడానికి ఊరు కవికి ఇచ్చే గడువు రేలా. దానిని అర్థరహితమని కొట్టివేసిన సంకలనకర్త పాట పుట్టే చోటునే కొట్టివేసినట్లు.

రెండవ రూపం ఇంతకంటె సుదీర్ఘమైనది. హల్బీ భాషలో స్త్రీలు గానం చేసే కథలను ‘జగార్’ అంటారు. జాగరణమన్న మాటే దానికి మూలం. లఛమీ జగార్, తీజా జగార్, ఆఠే జగార్, బాలీ జగార్ అని ఇవి నాలుగు. పాడే స్త్రీలను గురుమాయిలంటారు. వారి వాద్యం ‘ధన్‌కుల్’. కుండ మూతి మీద చేట, చేట మీద ఒక కొన ఆనేటట్లు పొడుగాటి విల్లు. వింటి కర్రకు గంట్లు పెట్టి ఉంటారు. ఒక చేతితో అల్లెతాడును మీటుతూ, మరొక చేతిలోని చీల్చిన వెదురుపుల్లతో ఆ గంట్ల మీద గీస్తూ గురుమాయి కథ నడుపుతుంది. కుండ, చేట వంటింటివి, విల్లు వేటగాడిది. ఇల్లు, అడవి ఒక వాద్యంలో కూడుకొన్న ఇటువంటి పనిముట్టు మరొకటి చూపడం కష్టం. లఛమీ జగార్ వరిదేవత కథ. రోజుల తరబడి సాగి, పొలం నుంచి తెచ్చిన వరివెన్నులకు పెళ్ళి జరిపించడంతో ముగుస్తుంది. అంటే కథ వినడమే కాక కథలోని పెళ్ళికి ఊరు పెళ్ళిపెద్దగా నిలుస్తుంది.

ఈ పాటలను లోకానికి పరిచయం చేసినవారి చరిత్ర చిన్నది కాదు. గ్రిగ్సన్ మాడియా గోండుల గ్రంథం 1938లో వచ్చినది. వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్‌ను గురించి బృహద్గ్రంథం రచించినాడు. యువతీయువకులు రాత్రులు కూడి ఆటపాటలు నేర్చుకొనే ఆ శాలకు లింగో ఆదిపురుషుడనీ, అతడు పద్దెనిమిది వాద్యాలు ఒక్కసారిగా వాయించినాడనీ చెప్పే కథలు ఆ గ్రంథం ద్వారానే బయటివారికి తెలిసినవి. ఎల్విన్ కవి హృదయమున్నవాడు. అతని చేతిలో అడవిపాట చక్కని ఇంగ్లీషు కవిత అయినది. అందులో అందమున్నది, కాని అది ఒంటరిగా కూర్చొని చదువుకొనే అందం. ఆ తరువాత చాలకాలానికి, 2003లో, కొండగావ్ పండితుడు హరిహర్ వైష్ణవ్, మానవశాస్త్రజ్ఞుడు గ్రెగరీ కలిసి లఛమీ జగార్‌ను ప్రకటించినప్పుడు గ్రంథం పేరులోనే గురుమాయి సుక్‌దాయి పేరు నిలిచినది. పుస్తకం అట్ట మీద గాయని పేరు చేరడానికి ఇన్ని దశాబ్దాలు పట్టినది. ఇది మర్యాదకు సంబంధించిన విషయంగా మాత్రమే కనిపించవచ్చును. నిజానికి విమర్శకు సంబంధించినది. ఒక కథను ఒకరు చెప్పినారన్నప్పుడే మరొకరు మరొక విధంగా చెప్పవచ్చునన్న సంగతి గుర్తుకు వస్తుంది. పేరు లేని పాటకు పాఠాంతరాలు ఉండవు, ఉన్నా వెదకేవారుండరు.

గ్రంథం తరువాత వేదిక. ఛత్తీస్‌గఢ్ జానపద కళను వేదిక మీద నిలిపినవారిలో అగ్రగణ్యుడు హబీబ్ తన్వీర్. 1959లో నయా థియేటర్ స్థాపించిన తన్వీర్ నాచా కళాకారులను తన నాటకాలలోనికి తెచ్చినాడు. మొదట వారిచేత హిందీ పలికించబోయినాడు. నాలుక తిరగని భాషలో గొప్ప నటులు కొయ్యబారిపోయినారు. లోపం నటులది కాదనీ, పలికించిన భాషదనీ తెలుసుకోవడానికి అతనికి కొన్ని సంవత్సరాలు పట్టినది. 1970ల మొదటి సంవత్సరాల నుంచి వారిని వారి ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడనిచ్చినాడు. ‘చరణ్‌దాస్ చోర్’ 1975 నాటిది. 1982లో స్కాట్లండులోని ఎడింబరో ఉత్సవంలో బహుమానం పొందినది. ఆ నాటకం అక్కడ గెలిచినది ఇంగ్లీషులో కాదు, హిందీలోనూ కాదు.

ఆ తన్వీర్ వద్ద నటుడుగా పనిచేసిన అనూప్ రంజన్ పాండే తీర్చిదిద్దినదే ‘బస్తర్ బ్యాండ్’. మరుగున పడిపోతున్న వాద్యాలను ఊరూరా తిరిగి సేకరించడం అతని మొదటి పని. ఆ వాద్యాలను వాయించగలవారిని ఒక చోట కూర్చడం రెండవ పని. మురియాలు, దండామీ మాడియాలు, ధుర్వాలు, దొర్లలు, భత్రాలు, హల్బాలు ఆ బృందంలో పక్కపక్కన నిలిచినారు. మోహరీ సన్నాయి, మాందరి, తుడ్‌బుడి, ధన్‌కుల్ ఒకే వేదిక ఎక్కినవి. దేశంలోని పెద్ద వేదికలెన్నో ఆ ధ్వనిని విన్నవి. 2019లో పాండేకు పద్మశ్రీ లభించినది. ఈ కృషిని విమర్శించబూనినవారు మొదట దాని విలువను ఒప్పుకొనవలెను. వాద్యం ప్రదర్శనశాలలోని అద్దాల అలమారలో బ్రతకదు. వాయించే చేయి ఉన్నంతకాలమే బ్రతుకుతుంది. ఆ చేతికి పనీ గౌరవమూ కల్పించినది ఈ బృందం.

అయితే ఇటువంటి బృందం ఒక సంకలనం. అంతేకాదు, ఒక అనువాదం. ఊరిలో ధన్‌కుల్, మాందరి ఒకే రాత్రి ఒకే పాటకు కలిసి మ్రోగవు. ఒకటి వరిదేవత పెళ్ళిది, మరొకటి యువకుల ఆటది. ఒక భాషలోని పాట ముగిసిన వెంటనే మరొక భాషలోని పాట మొదలు కావడం వేదికకు సహజం, ఊరికి అసహజం. లింగో పద్దెనిమిది వాద్యాలు ఒక్కడే వాయించినాడన్న కథను ఈ బృందం మరొక విధంగా నిజం చేసినదనవచ్చును. కాని కథలో ఆ వాద్యాలన్నీ ఒక దేవుడివి. వేదిక మీద అవి అనేక జాతులవి. అనేకాన్ని ఒకటిగా వినిపించే ప్రయత్నంలో ఎవరి గొంతు ఎవరిదో తెలియకపోయే ప్రమాదం పొంచి ఉంటుంది.

ఇదే సమస్యను యూరపు పడమటి అంచున కెల్టిక్ జాతులు ఎదుర్కొన్నవి. ఐర్లండులో, స్కాట్లండు ద్వీపాలలో, ఫ్రాన్సులోని బ్రిటనీలో ప్రభుభాష ఒకటి, పాటభాష మరొకటి. బ్రిటనీ పాటలను లా విల్మార్కే 1839లో ‘బర్జాజ్ బ్రైజ్’ అన్న పేర ప్రకటించినప్పుడు అవి అతడు కల్పించినవేనని పండితులు ఆక్షేపించినారు. ఆ వివాదం నూరు సంవత్సరాలకు పైగా సాగినది. దొనాసియన్ లోరాఁ అతని చేతివ్రాత పుస్తకాలను పరిశీలించి, పల్లెలలో అతడు నిజంగానే పాటలు విని వ్రాసుకొన్నాడనీ, అచ్చులో వాటిని మార్చి మెరుగుపెట్టినాడనీ 1989లో నిరూపించినాడు. విన్నది నిజం, అచ్చువేసినది మార్పు. రెండింటికీ నడుమ ఉన్న నోటుపుస్తకం బయటపడితే గాని తగవు తీరలేదు. సేకరణకర్త చేతివ్రాత ప్రతులను భద్రపరచడం ఎందుకో తెలియజేయడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

బృందగానం విషయంలోనూ అక్కడి అనుభవం బోధపరచేది ఉన్నది. ఐర్లండు ప్రాచీన గానశైలి షాన్‌నోస్ పక్కవాద్యం లేని ఏకాకి గానం. 1960 ప్రాంతంలో షాన్ ఓ రీఆదా సంప్రదాయ వాద్యగాండ్రను ఒక బృందంగా కూర్చినాడు. ఆ బృందంలోని పాడీ మలోనీ 1962లో ‘చీఫ్‌టెన్స్’ను నెలకొల్పినాడు. అంటే నేడు లోకం కెల్టిక్ సంప్రదాయమని వింటున్న ఆ కలయిక ధ్వని ఆ నేలకు కొత్తదే. కొత్తది కావడం వల్ల అది అబద్ధం కాలేదు. కాని పాతదే తానని చెప్పుకొంటే అబద్ధమై ఉండేది. బ్రిటనీలో ఆలాఁ స్తివెల్ తండ్రి మరుగుపడిన హార్పు వాద్యాన్ని 1950లలో తిరిగి నిర్మించినాడు. కొడుకు దానిని 1970లలో యువతరానికి వినిపించినాడు. స్కై ద్వీపంలో 1973లో పుట్టిన ‘రన్‌రిగ్’ ఇంకొక అడుగు ముందుకు వేసినది. తాతల పాటలతో ఆగక, గేలిక్ భాషలో తమ కాలపు పాటలు కట్టుకొన్నారు ఆ యువకులు. ‘క్లన్నాడ్’ బృందం 1982లో ఐరిష్ భాషలో పాడిన గీతం ఇంగ్లండు శ్రోతల జాబితాలలో పై వరుసకు ఎక్కినది. ఆ శ్రోతలలో ఆ భాష తెలిసినవారు ఎందరు? తెలియకపోయినా భాష మార్చకుండా పాడినారన్నదే అక్కడ విశేషం.

ఈ అనుభవాల వెలుగులో బస్తరు బృందాలను, ఆ మాటకు వస్తే ఏ జానపద బృందాన్నైనా, మూడు ప్రశ్నలు అడగవచ్చును. పాట ఏ భాషలో ఉన్నదో, ఏ ఊరిదో, ఎవరిదో శ్రోతకు తెలుస్తున్నదా అన్నది మొదటిది. పల్లవికి దాని గడువు దొరుకుతున్నదా, లేక కార్యక్రమపు వేళను పట్టి కత్తిరింపబడుతున్నదా అన్నది రెండవది. ఊరికి తిరిగి వెళ్ళిన గాయకుడు కొత్త పాట కట్టగలుగుతున్నాడా, లేక వేదికకు నచ్చిన పాత పాటనే వల్లెవేస్తున్నాడా అన్నది మూడవది. దండామీ మాడియాల నృత్యం విషయంలో మొదటి ప్రశ్నకే సమాధానం దొరకడం కష్టమైపోయినది. తలమీది అడవిదున్న కొమ్ములను దేశమంతా చూచినది, ఛాయాచిత్రాలు లెక్కలేనన్ని. ఆ కొమ్ముల కింద పాడుతున్న గొంతును విన్నవారెందరు? కన్ను తృప్తి పడితే చెవి పని మానుకొంటుంది.

తెలుగునేల మీద ఈ ప్రశ్నలకు మరింత బరువున్నది. మేడారం సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలో డోలు వాయిస్తూ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. మణుగూరు ప్రాంతపు కూనవరం ఆయన ఊరు. 2024లో ఆయన కన్నుమూసినారు. ఆ కథను తెలుగులోనూ పాడగలిగిన గాయకుడాయన. రెండు భాషల నడుమ జీవితమంతా రాకపోకలు సాగించిన అనువాదకుడు. ఆయనను ఆ మాటతో పిలిచినవారు లేరు. తెలుగు సాహిత్యచరిత్రలో అనువాదకుల అధ్యాయం నన్నయతో మొదలవుతుంది. డోలీ కోయల పేర్లు అందులో ఒక్కటైనా కనిపించదు. జానపదమన్న వేరొక అధ్యాయంలో, ఉన్నట్లయితే, వారి కులం పేరు ఉంటుంది, వారి పేరు ఉండదు.

ఇక రేలా సంగతి. అది శబరి దాటి ఏనాడో తెలుగులోనికి వచ్చినది. ఉద్యమగీతాలు దానిని అందుకొన్నవి. తరువాత ఒక టెలివిజన్ పాటల కార్యక్రమానికి పేరే అయినది. పల్లవి వచ్చినది గాని దాని వెనుక ఉన్న భాష రాలేదు. మాట తీసుకొన్నవారు మాటను ఇచ్చినవారి పేరు అడగలేదు. ఇంతలో ఆ మనుషులే వచ్చినారు. 2005 తరువాత బస్తరులో చెలరేగిన హింసకు తాళలేక వేలమంది ఊళ్ళు విడిచి, గోదావరి తీరపు అడవులలో గుడిసెలు వేసుకొన్నారు. గుత్తికోయలని వారికి ఇక్కడ పేరు. ఊరు చెదిరినప్పుడు జట్లు చెదురుతవి. జట్టు లేనిదే రేలాను అందుకొనేవారుండరు. కనుక పాట ఆవలి ఒడ్డున ఉన్నదని వెళ్ళి కనుగొనవలసిన అవసరం తెలుగు రచయితకు లేదు. అది ఇంటి వాకిట నిలిచి ఉన్నది. అందుకొనే రెండవ జట్టు కోసం చూస్తున్నది.

ఆశకు తావు లేకపోలేదు. జగదల్‌పూర్ ఆకాశవాణి హల్బీ, గోండి భాషలలో కార్యక్రమాలు వినిపిస్తూ వచ్చినది. 2010లో మొదలైన సీజీనెట్ స్వర ద్వారా చదువురానివారు కూడ మొబైల్ ఫోనులో తమ గోడు, తమ పాట తమ భాషలోనే వినిపించగలిగినారు. అచ్చుయంత్రం చేయలేని పని ఒకటి ఈ సాధనాలు చేయగలవు: రెండు గీతల నడుమ మాయమైన పల్లవిని పూర్తి నిడివితో, పాడినవారి గొంతుతో నిలుపగలవు. కాని నిలిపినంతమాత్రాన అది సాహిత్యంలో చేరదు. వినేవాడు, అర్థం చెప్పేవాడు, పాఠాంతరాలను పోల్చేవాడు కావలెను. బిరుదురాజు రామరాజు వంటివారు తెలుగు జానపదగేయాలకు చేసిన శాస్త్రీయ సేవను గోండి, కోయ, హల్బీ పాటలకు చేయగల తెలుగు విద్వాంసులు ఇంకా రావలసి ఉన్నది.

వచ్చేవారు మొదట అనువాదానికి పూనుకొనక, కొంతకాలం రెండవ జట్టులో నిలువవలెను. పాదం ఎత్తుకొనే జట్టుకు ప్రతిభ కావలెను. అందుకొనే జట్టుకు ఓర్పు చాలు. విన్నదానిని విన్నట్లు తిరిగి పలకడం, ఎవరు పలికినారో గుర్తుంచుకొనడం, పల్లవి వచ్చినప్పుడు తొందరపడకుండా ఆగడం – అనువాదకుడికి కావలసిన విద్య యావత్తూ ఆ వరుసలోనే దొరుకుతుంది. ఆ విద్య అబ్బిన తరువాత అచ్చయ్యే సంకలనంలో నిలువు గీతలు ఉన్నా బాధ లేదు. వాటి నడుమ ఎంతమంది నిలిచి ఉన్నారో చదువరికి చెప్పగల పీఠిక దానికి ఉంటుంది.